పై గది పిల్ల నవ్వు

మా పై గదిలో కిరాయికి ఉన్న పిల్ల ఎవరేది మార్చినా "పాతది పక్కకు పెట్టినవా?" అని అడిగేది. శంషాబాద్ విమానాశ్రయానికి వచ్చే సరుకు వివరాల్లో నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో పట్టే ప్రోగ్రాము రాసేది. ఆ వివరాలు పెట్టెలో పెట్టెలా ఉంటాయట.

వారం రోజులుగా ఆ ప్రోగ్రాము ఏ మార్పూ లేదనే చెబుతోందని ఒకనాడు నా వంటగదిలో కూర్చుంది. మామిడికాయ తొక్కు పచ్చడి గిన్నె ముందు నిన్న, ఇయ్యాల అని రెండు చీటీలు పెట్టి, ఒక ముక్క తీసి తిన్నది.

"చూడు అమ్మమ్మా, ఇగ ఏ చీటీతోని వచ్చినా తగ్గిన గిన్నెనే దొరుకుతది. నేను పైపైన నకలు తీసిన. లోపలి గిన్నె రెండోది పెట్టలే. రెండు చీటీలకు ఒక్కటే గిన్నె అయితే తేడా ఎట్ల దొరుకుతది?"

"ఈ సాకుతోని నా తొక్కు తింటున్నవ్."

పగలబడి నవ్వింది.

ఆరు నెలలకు దవాఖానలో పోయింది. మా ఇంట్లో దిగకముందు నుంచే జబ్బు ఉందనీ, ఎవరికీ చెప్పలేదనీ అప్పుడే తెలిసింది. అది తెలిశాక నాకు గుర్తున్న పాత నవ్వులు కూడా మారిపోయాయి. ఆనాటి నవ్వును తలుచుకున్నా ఆమె నొప్పిని అదిమిపెట్టినట్టే కనిపిస్తుంది.

సామాను కోసం కందుకూరు నుంచి వాళ్లమ్మ వచ్చింది.

"నా బిడ్డ ఈడ మంచిగ నవ్వేదా పెద్దమ్మా?"

"నవ్వేది," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకొని పెట్టె మూసింది. ఒక్క నెల కిరాయి కూడా వదులుకోని నేను ఆ గదిని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మరొకరి నవ్వు వినబడితే, నాలో మిగిలిన ఆమె నవ్వు కాస్తా మారిపోతుందని భయం.