తొమ్మిది దినాలు ఆగిన పందిరి

అనంతపురంలో మా అమ్మాయి తన ఇంటి పెరట్లో చెక్క పలకలతో కూర్చునే వేదిక ఒకటి వేయించుకుంది. పోయిన వారం దానిమీదికి పెర్గోలా కావాలని, అంటే పైన వరసగా పట్టీలు పరిచిన పందిరే లెండి, సెల్‌ఫోన్‌లో బొమ్మ చూపించి, స్తంభాలకు గుంతలు తీయడానికి మంచిరోజు చెప్పమన్నది. ఈ పొద్దే తీయించు తల్లీ అన్నాను. నేను పంచాంగం ముట్టుకోక నలభై ఏళ్లు దాటింది. ఎందుకనేది దానికెప్పుడూ చెప్పలేదు. మన ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మాది బెళుగుప్ప పక్కన మెట్ట ఊరు, వానకన్నా వాన గురించిన మాటలే ఎక్కువగా పడే చోటు. డిగ్రీ ముగించి ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న నేను, పంచాంగం చూడటం నేర్చుకుని, విత్తనానికీ ప్రయాణానికీ జనం నన్నే అడుగుతుంటే మహా పండితుణ్ణని మురిసిపోతుండేవాణ్ణి. అబ్బో, ఆ మిడిసిపాటు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఎండాకాలం అమ్మకు కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించి నాయనా మేనమామా కలిసి ఇంటికి తీసుకొచ్చినారు. మట్టి మిద్దెలో గాలాడక, పెరట్లో బండల అరుగుమీద మంచం వేయండని ఆమె ఒకటే అడిగేది. పొద్దెక్కితే ఆ బండలమీద కాలు పెట్టలేము. అరుగుమీద పందిరి వేస్తానన్నాడు నాయన.

చదువు లేని మనిషి, కానీ ఆ పందిరికి ఆయన వేసుకున్న లెక్క ఏ ఇంజనీరుకూ తీసిపోదు. రెండు దినాలు అరుగుమీద కర్ర నిలబెట్టి, నీడ జరిగినకొద్దీ బొగ్గుతో గీతలు గీసినాడు. పడమటి ఎండ మంచం మీద పడకుండా ఆ వైపు దిగువగా ఉండాలని, నాలుగు రాతి కూసాలలో, అంటే స్తంభాలలో, రెండింటిని పొట్టివి ఎంచి తెచ్చినాడు. పైకి వెదురు, వెదురుమీద కానుగ కొమ్మలు.

ఆయన గడారి పట్టి మొదటి గుంత తవ్వడం మొదలుపెట్టగానే నేను అడ్డం పోయినాను. మూఢం నడుస్తోంది, కూసం నాటకూడదు, ఇంకా తొమ్మిది దినాలు ఆగాలని పట్టుబట్టినాను. నాయన కోపంగా, "నీడకు మూఢమేందిరా?" అన్నాడు. లోపల మంచంమీదనుంచి అమ్మే ఆయనను ఆపింది. "సదువుకున్న పిల్లోడు సెప్తాండాడు గదా, తొమ్మిది దినాలే గదా, ఆగప్పా."

నాయన గడారి గోడకు ఆనించి చేనికి పోయినాడు. నా మాటే నెగ్గిందనుకున్నాను.

ఏడోరోజు పొద్దున అమ్మ పోయింది.

దహనమై తిరిగి వస్తుంటే మేనమామ చెప్పినాడు. గడ్డ లోపలంతా పాకింది, పది దినాలుంటే గొప్ప అని ఆస్పత్రిలో డాక్టరు నాయనతో అన్నాడట. నాయన అది ఎవరికీ చెప్పనివ్వలేదు. ఆ రోజు నాతో వాదించి గెలవాలంటే అమ్మ వింటుండగా ఆ మాట బయటపెట్టాల్సి వచ్చేది. అందుకే గడారి వదిలేసినాడు.

మూఢం విడిచిన రోజు, ఇంట్లో మైల ఉండగానే, నాయన నాలుగు కూసాలూ నాటి పందిరి వేసినాడు. నేను సాయం పోతే వద్దనలేదు. ఎందుకురా అట్ల చేసినావని ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండానే ఆయనా పోయినాడు.

అమ్మాయి పెర్గోలాకు ఇనుప కమ్మీలు కొలతకు కోసినవే బండిలో వచ్చినాయి, రెండు రోజుల్లో పని ముగిసింది. ఈ కాలం పిల్లలకు దేనికీ ఓపిక లేదని మనవాళ్లు విసుక్కుంటుంటారు, నేనుమాత్రం ఆ మాట అనలేను. మన కాలంలో వానకు ఆగినాము, ఎద్దులకు ఆగినాము, మంచిరోజుకు ఆగినాము, అదే పెద్దరికమనుకున్నాము. మా అమ్మ నా మాట నమ్మి ఆగింది. ఆ నీడలో ఒక్క మధ్యాహ్నమైనా పడుకోకుండానే పోయింది.