టేకు చెట్టుకు ఫస్టు ర్యాంకు

మేలుజాతి అడవి చెట్లను తయారుచేసే నర్సరీలో నాది చిన్న ఉద్యోగం. మంచి చెట్టును వెతకడం, మార్కులు వేయడం, కొమ్మలు తెచ్చి అంటు కట్టడానికి అందించడం. పెళ్ళిచూపులకు వెళ్ళినట్టే ఉంటుంది, స్వీటూ హాటూ పెట్టరంతే.

ఆ ఫిబ్రవరిలో హనుమాన్ జంక్షన్ దగ్గర ఇద్దరు అన్నదమ్ముల పొలం గట్ల మీది టేకు చెట్లు చూశాను. అన్నగారి చెట్టు గీత గీసినట్టు నిటారుగా ఉంది. నిటారుకింత, లావుకింత అని లెక్కగట్టి ఎనభై ఏడు వేశాను. పోలికకు పక్క చెట్లనూ కొలవాలి గనక తమ్ముడి చెట్టుకు ఎనభై అయిదు. అక్కడితో ఊరుకోవాల్సింది. అన్నదమ్ములిద్దరి ముందూ పైకి చదివాను.

రెండ్రోజుల తర్వాత మా నర్సరీ పెద్ద మేడంగారితో కొమ్మల కోసం వెళ్తే చెట్టుకు పూలదండ, పక్కన ఫ్లెక్సీ. అందులో చెట్టు కంటే అన్నగారి ఫొటోనే పెద్దది.

"ఫస్టు ర్యాంకు చెట్టండీ ఇది. కొమ్మ ముట్టుకోనివ్వను," అన్నాడాయన.

మేడంగారి ముఖం పాలిపోయింది. మొగ్గలు అప్పటికే ఉబ్బాయి. చిగురు విచ్చుకుందంటే అంటు పట్టదు, మళ్ళీ ఏడాది ఆగాలి.

గట్టు అవతల నుంచి తమ్ముడు కేకేశాడు. "రెండు మార్కులేగా తేడా! నాకు రీవాల్యుయేషన్ కావాలండీ. ఆ కుర్రాడు టేపు వదులుగా పట్టాడు!"

"టేపు కాదురా, నీ చెట్టుకే నడుం వంకర!"

మేడంగారు నెమ్మదిగా అన్నారు. "ఇవి పైచూపు మార్కులేనండీ. పుట్టుకతోనే గొప్పదో, కాలవ నీళ్ళు తాగి బలిసిందో ఇప్పుడే తెలీదు. దీని అంట్లు వేరే నేలలో ఎలా పెరుగుతాయో చూస్తేగానీ తేలదు."

"నీళ్ళ బలుపే!" తమ్ముడు పడీపడీ నవ్వాడు. "మా అన్నయ్యకి లాగానే!"

అన్నగారు లుంగీ ఎగ్గట్టాడు. "ఆ దోటి ఇలా తే బాబూ! ఎన్ని కొమ్మలు కావాలండీ మీకు? ఏ నేలలోనైనా పెట్టుకోండి, తేల్చేయండి!"

ఇరవై కొమ్మలు రాలాయి. తడిగోనెలో చుడుతుంటే, "రిజల్టు ఎప్పుడొస్తదండీ?" అన్నాడు అన్నగారు.

"పదేళ్ళు పట్టొచ్చండీ," అన్నారు మేడంగారు.

ఆయన వేళ్ళు మడిచి తన వయసు లెక్కేసుకున్నాడు. ఈలోగా తమ్ముడు తన చెట్టు కొమ్మలు చంకనిండా పట్టుకుని జీపుకు అడ్డం వచ్చాడు. అవీ ఎక్కించుకున్నాం.

బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో గోనె ఆరిపోకుండా నేను తాగే నీళ్ళన్నీ దానికే పోశాను. నర్సరీకి చేరగానే మేడంగారు మొదటి మొగ్గ చెక్కి, అంటుకట్టి, ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత నావైపు చూశారు.

"ఇకనుంచి మార్కులు మనసులో చదువుకో నాయనా."