తాంబూలాలు కాని రోడ్డు

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి తియ్యటి నీళ్ళున్న నుయ్యి ఒక్కటే. అది మా పెరటి గోడ పక్కన ఉండేది. నౌపడ ఉప్పుమళ్ళకు దగ్గరి ఊరు మాది. ఎక్కడ తవ్వినా రెండు నిలువుల్లోనే నీరు పడేది గానీ నోట్లో పోసుకుంటే ఉప్పు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, తలంటుకుంటే జుట్టు జిగురు పడుతుంది. మా తాతయ్య తవ్వించిన నూతిలో మాత్రం ఏ పుణ్యమో మంచినీళ్ళు పడ్డాయి. తెల్లారేసరికి వీధిలోని బిందెలన్నీ అక్కడ వరస కట్టేవి. తాతయ్య పోయాక ఆ వరస మీద పెత్తనం మా నాయనమ్మది. ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక అన్నది ఆవిడ నోటి మాట.

మా నాయనమ్మది పెట్టే చెయ్యే గానీ నమ్మే మనసు కాదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ పూట పాలు రెండుసార్లు చూసేది. కొత్త మనిషి ఊళ్ళోకి వస్తే ఏ కొండ దిగి వచ్చాడో, ఏ ఠాణా పంపితే వచ్చాడో అని గుమ్మంలోంచి కదిలేది కాదు. అప్పట్లో కొండల వైపు ఏవో గొడవల మాట చెవిన పడుతుండేది, అందుకని ఊరంతా కొంచెం అలాగే ఉండేది. ఆవిడ మరి కాస్త ఎక్కువ.

అరవై ఏడో, అరవై ఎనిమిదో, నాకు సరిగ్గా గుర్తులేదు. నాకు తొమ్మిదేళ్ళుంటాయి. మూడో తరగతితో బడి మానేసి ఇంట్లో ఉన్నాను. నూర్పుళ్ళు అయిపోయిన రోజుల్లో ఒక ఓవర్సీరు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇనుప గొలుసు నేల మీద పరిచి కొలిచాడు. ఎర్ర జెండా కర్రలు పాతించాడు. చుట్టిన కాయితం విప్పి చూసుకుంటూ, సరిగ్గా మా నూతి గట్టును ఆనుకుని ఒక కర్రమేకు దిగ్గొట్టించి, దాని తలకు తెల్లరంగు పూయించాడు. ఉప్పు లారీలు స్టేషనుకు పోవడానికి రోడ్డు వస్తుందట. ఆ రోడ్డు మా నూతి మీదుగా పోతుందట.

ఊళ్ళో మగవాళ్ళు ఆ మేకు చుట్టూ నిలబడి చూసి వెళ్ళిపోయారు. మా నాన్న అయితే ఒక్కటే మాట అన్నాడు. "గవుర్మెంటోలు కాయితం మీద గీత గీసీసినారు. అయిపోనాది. ఇంకేటున్నాది సెయ్యడానికి?"

ఆ రోజుల్లో మావాళ్ళందరి తీరూ అదే. కాయితం మీద గీత కనబడితే అది బ్రహ్మరాత. గీసినవాడు చెరపగలడని కూడా ఎవరికీ తోచేది కాదు. నాయనమ్మకు తోచిందల్లా, మేకు చూడ్డానికి పైవాళ్ళ జీపు వస్తుందన్నారు గనక, అది వచ్చిన నాడు వాళ్ళ కళ్ళెదుటే మేకు పీకి నూతిలో పారేయడం, గట్టు మీద కూర్చోవడం. "ముందర నన్ను కప్పీసి అప్పుడు నుయ్యి కప్పుకోమను" అంది. మేకు పీకితే పోలీసులొచ్చి నాన్నను పట్టుకుపోతారని మా అమ్మ వణికిపోయేది.

ఇక పక్కింటి అక్క సంగతి. ఆవిడ ఆ ఇంటి కోడలు, కాపురానికొచ్చి ఏడాది కాలేదు. విజయనగరం పిల్ల, ఎస్సెల్సీ దాకా చదివిందని చెప్పుకునేవారు. వాళ్ళ అరుగు మీద మధ్యాహ్నం నీడ ఉంటుందని ఓవర్సీరు అక్కడ కూర్చుని కాయితాలు రాసుకునేవాడు. అత్తగారు తమలపాకులు నములుతూ అరుగు మీదే ఉండేది. ఈవిడ గుమ్మం లోపల నిలబడి ఆయనతో మాట్లాడేది. ఆ మాటల మధ్యలో ఇంగ్లీషు ముక్కలు దొర్లేవి. అది మా నాయనమ్మ కంటపడింది.

"సంతలో ఎడ్ల బేరం సూసినావు కదేటి?" అని నన్ను అడిగింది. చూశాను. దళారీలు ఇద్దరూ తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్ళు నొక్కుకుంటూ ధర చెప్పుకునేవారు. పక్కన నిలబడ్డవాడు ఎంత మెడ సాచినా ఏమీ తెలిసేది కాదు. "ఆ ఇంగిలీసు కూడా తువ్వాలేనే గుంటా. దాని కిందన మన నూతికి బేరం ఆడతన్నారు. మన నీలు తాగి మనకే గొయ్యి తీస్తన్నాది ఆ పిల్ల."

నాకు చదువు రాలేదు గానీ విన్నది మరవని చెవి ఉంది. అది నాయనమ్మ పోలికే. ఆవిడ మా పిండిజల్లెడ నా చేతికిచ్చి, అది ఇచ్చే నెపంతో ఒకసారి, తెచ్చే నెపంతో ఒకసారి నన్ను ఆ అరుగు దగ్గరికి తోలేది. తెలుగులో అన్నవి పైపై కబుర్లని ఆవిడ లెక్క, ఇంగ్లీషు ముక్కలే తెమ్మనేది. నేను స్తంభం చాటున నిలబడి ఆ మాటల్ని గింజల్లా ఏరుకొచ్చి ఇంట్లో అప్పజెప్పేదాన్ని. ఐడియా, సజెషన్, ప్రపోజల్, డిస్కషన్, ప్లాను, ఆల్టర్నేటివ్, ఫైనల్. ఒక్కొక్క మాటకూ నాయనమ్మ చేదు మందు వాసన చూసినట్టు మొహం పెట్టేది. ఆల్టర్నేటివ్ అన్న మాట ఎవరు ఎక్కువసార్లు అన్నారని అడిగింది. అక్కే అన్నాను. "అదే అయ్యుంటాది అసలు మందు" అని తేల్చేసింది.

మూడో రోజు నేను దొరికిపోయాను. ఓవర్సీరు వెళ్ళిపోయాడు, అత్తగారు కునుకు తీస్తోంది. అక్క చింతపండు పిక్కలు తీస్తూ తలెత్తకుండానే అంది. "ఏటే, మూడ్రోజుల్నుంచి ఒక్క జల్లెడే తిరుగుతున్నాది. మీ నాయనమ్మ పిండి జల్లిస్తన్నాదా, మా మాటలు జల్లిస్తన్నాదా?"

నాకు ఏడుపొచ్చేసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. విన్నవన్నీ చెప్పమంది. ముక్కు చీదుకుంటూనే వరసగా చెప్పేశాను, ఏ మాట ఎవరన్నారో కూడా. ఆవిడ చేతిలో పని ఆగిపోయింది. "ఓలమ్మో! నాను నెల్లాళ్ళు బట్టీ పట్టినానే ఈ మాటలు" అంది. తర్వాత దోసిట్లో చింతపిక్కలు తీసుకుని నా ముందు పరిచింది. "దొంగతనంగా ఇంటే ఇన్నావు. ఇన్నదేటో తెలుసుకుని మరీ ఇను."

మా చిన్నత్తకు కిందటేడు టెక్కలి నుంచి వచ్చిన సంబంధం ఎలా మొదలైందో చెప్పమంది. నూతి దగ్గర ఎవరో అనుకున్నారన్నాను. ఒక పిక్క పెట్టి, అది ఐడియా అంది. ఎవరి బుర్రలోనైనా పుడుతుంది, ఎవరినీ ఏమీ చెయ్యదు. ఆ మాట తెచ్చి నాయనమ్మ చెవిలో వేస్తే సజెషన్. మధ్యవర్తి గుమ్మంలోకి వచ్చి పిల్లాడు ఫలానా, పొలం ఇంత అని విప్పి చెబితే ప్రపోజల్. అరుగు మీద పెద్దలు కూర్చుంటే డిస్కషన్. పందిరి ఎక్కడ, వంట ఎవరిది అని అనుకుంటే ప్లాను. తాంబూలాలు పుచ్చుకుంటేనే ఫైనల్. అలా ఆరు పిక్కలు వరసగా పెట్టి, "మరి ఆ సంబంధం ఏటైనాది?" అంది. పిల్లాడికి ఉబ్బసం ఉందని తెలిసి నాయనమ్మ వద్దందన్నాను. ఎక్కడ వద్దందో చూపించమంది. మూడో పిక్క మీద వేలు పెట్టాను.

"పోలీసులొచ్చినారేటి?"

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఓవర్సీరు కాయితం మూలన రాసి ఉన్నది కూడా ఆ మూడో పిక్క మాటేనని అక్క చెప్పింది. మేకు కొట్టారు గానీ తాంబూలాలు కాలేదు. లక్ష్మివారం నాడు పెద్ద ఇంజినీరు వస్తాడు, ఆయన సంతకం పడితే అప్పుడు అయినట్టు.

ఆల్టర్నేటివ్ మిగిలిపోయింది. నేనే అడిగాను. అక్క ఇంకో పిక్క తీసి వరసలో కాకుండా పక్కగా పెట్టింది. "టెక్కలోడు ఒద్దని మీ అత్తని ఇంట్లో కూకోబెట్టీసినారేటి? ఇంకొకడిని సూసినారు కదా. ఇక్కడొద్దు అని ఏడిస్తే ఎవులూ ఇనరే. ఇక్కడొద్దు, ఇదుగో ఇలాగ పట్టుకెల్లండి అనాల. ఆ చోటు మీదే అవ్వాల, ఊరోలది కాదు."

నువ్వే చెప్పొచ్చు కదక్కా అన్నాను. నూతి గలవాళ్ళ మాటకున్న బలం నిన్నగాక మొన్న వచ్చిన కోడలి మాటకు ఉండదని, మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది.

ఏడు పిక్కలూ పరికిణీ చెంగులో కట్టుకెళ్ళి నాయనమ్మ ముందు పరిచాను. ఆవిడ అంతా విని, చివరి పిక్క దగ్గర కళ్ళు చిన్నవి చేసింది. "సూసినావా? మన నోటితోనే మన బూమి అడిగిస్తన్నాది." ఆ మాటతో నాకూ అనుమానం అంటుకుంది. అక్క నాకు పాఠం చెప్పిందా, లేక నా నోట్లో మాట పెట్టి మా ఇంటి మీదికి పంపిందా? మర్నాడు అరుగు మీంచి పిలిస్తే వినబడనట్టు పోయాను. నాయనమ్మ మాత్రం ఆ పిక్కల్ని పారెయ్యలేదు. వత్తులు చేసుకుంటూ మధ్యలో, "మూడోది ఏటన్నావు? ఇంకోపాలి సెప్పు" అనేది.

లక్ష్మివారం జీపు వచ్చింది. ఇంజినీరు దిగాడు, ఓవర్సీరు కాయితం పరిచాడు. మగవాళ్ళు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. నాయనమ్మ అప్పటికే నూతి గట్టు మీద కూర్చుని ఉంది, కుడిచెయ్యి మేకు తల మీద ఉంది. పక్కకు రమ్మని ఇంజినీరు మర్యాదగానే చెప్పాడు. ఆవిడ కదల్లేదు. వేళ్ళు మేకు చుట్టూ బిగుసుకోవడం నాకు కనబడింది. మా అమ్మ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క గుంజు గుంజితే అయిపోయేది. కానీ ఆ చెయ్యి మెల్లగా వదులైంది.

"బాబూ, ఇది ప్రపోజలా, పైనలా?"

జీపు డ్రైవరు పకపకా నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ప్రపోజలే అమ్మా. నేనింకా సంతకం పెట్టలేదు" అన్నాడు.

"అయితే తాంబూలాలు అవనేదు. నాను మాటాడొచ్చు" అంటూ లేచింది. కర్ర పట్టుకుని ముందు నడిచింది, వెనక ఇంజినీరు, ఆయన వెనక ఊరు. మా ఇంటి వెనక పాత ఉప్పుబళ్ళ బాట ఒకటి ఉండేది. అది మా కళ్ళం దగ్గరికొచ్చి ఆగిపోయేది, ఎందుకంటే తాతయ్య నాడే దాన్ని కళ్ళంలో కలిపేసుకున్నారు. నాయనమ్మ పేడతో అలికిన ఆ కళ్ళం మధ్య నిలబడి ఈ చివర నుంచి ఆ చివరికి కర్రతో గీత గీసింది. "ఇదీ ఆల్టర్నేటివు. ఈ కళ్ళం మాది. ఇలాగ పట్టుకెల్లండి, నుయ్యి ఒగ్గీండి."

"అమ్మా, కళ్ళమే" అంటూ నాన్న ఆ గీత మీదికి వచ్చాడు.

"నూర్పులు ఎవులి కళ్ళంలోనైనా నూర్చుకుంటావురా. నీలు ఎవులి నూతిలో తోడతావు?"

ఇంజినీరు ఓవర్సీరు వైపు తిరిగి, ఈ పెద్దావిడకు ఆల్టర్నేటివ్ అన్న మాట ఎవరు నేర్పారయ్యా అన్నాడు. ఓవర్సీరు కాస్త నీళ్ళు నమిలి నిజం చెప్పాడు. ఈ వీధిలో ఆ మాట మొదట అన్నది ఆ పక్కింటి అమ్మాయట. మేకు కొట్టిన మర్నాటి నుంచీ, నుయ్యి ఒక్కటే కదా, పాత బాట ఉంది కదా, ఆల్టర్నేటివ్ చూడండి అని రోజూ తనతో వాదులాడుతూనే ఉందట. స్థలం గలవాళ్ళు నోరు విప్పితే తప్ప రాయడం కుదరదని తానే చెప్పాడట.

అందరి తలలూ ఆ గుమ్మం వైపు తిరిగాయి. అక్క తలుపు చాటుకు తప్పుకుంది. మూడు రోజులు నేను చాటుగా మోసుకొచ్చిన మాటలు మా నుయ్యి కోసం ఆవిడ బతిమాలుకున్న మాటలే. నాయనమ్మ కర్రతో ఆ గీతనే ఇంకోసారి గట్టిగా గీసింది. నా వైపు చూడలేదు.

ఇంజినీరు ఒప్పుకున్నానని అనలేదు. ఇటు కూడా కొలవమన్నాడు, చూద్దామన్నాడు, వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము అణగకముందే నాయనమ్మ నన్ను పట్టుకుని, "సూద్దాం అన్నది ఏ పిక్కే?" అని అడిగింది. ఏడు పిక్కలూ వేళ్ళ మీద లెక్కపెట్టాను, అది దేనికీ అతకలేదు. రెండు నెలలు ఆవిడ రోజూ పొద్దున్నే ఆ మేకును ఒకసారి తట్టి చూసుకునేది. మూడో నెలలో ఓవర్సీరు మనుషులు వచ్చి వాళ్ళంతట వాళ్ళే దాన్ని పీకి, మా కళ్ళంలో పాతారు. కళ్ళం ముప్పాతిక వంతు పోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ నూర్పుళ్ళప్పుడు నాన్న ఇంకొకరి కళ్ళం అడుక్కోవడం, ఆ వారమంతా నాయనమ్మతో మాట్లాడకపోవడం మాకు అలవాటైపోయింది.

మేకు మారిన మర్నాటి పొద్దున బిందెల వరసలో అక్క బిందె ఎప్పటిలాగే చివర ఉంది. కొత్త కోడలి బిందె చోటు అదే. నాయనమ్మ వెళ్ళి దాన్ని చంకనెత్తుకొచ్చి అన్నిటికన్నా ముందు పెట్టింది. వెనక ఎవరో గొణిగారు. ఇదేం వరస అన్నారు.

"ఇది పైనలు" అంది నాయనమ్మ.

ఇప్పుడు నా ఎదుట డాక్టర్లు, ఆఫీసులవాళ్ళు, నా మనవలు కూడా ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ముందు నాకు నాయనమ్మ బుద్ధే వస్తుంది, ఏదో తువ్వాలు కప్పారని. మొహమాటపడకుండా, ఇది ప్రపోజలా ఫైనలా నాయనా అని అడిగేస్తాను. నవ్వుతారు గానీ చెబుతారు. వద్దు అనాల్సి వస్తే మాత్రం, దానికి బదులుగా పక్కన పెట్టడానికి నా దగ్గర ఏ పిక్క ఉందో ముందు వెతుక్కుంటాను. ఆ తువ్వాలు కింద ఎవరి చెయ్యో నా కోసమే బతిమాలుతూ ఉందేమో అని కూడా ఒక్క క్షణం ఆగుతాను. అక్క పిలిస్తే వినబడనట్టు పోయిన ఆ రోజు నాకింకా గుర్తుంది.