నీలవ్వ పేరు మీద దాచిన పాటలు

ధార్వాడలో మేం పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ తెరవగానే మా పేర్లు కనిపిస్తాయి. ఎవరి పేరు నొక్కితే వాళ్ల ఫోల్డర్. నీలవ్వ బడిగేర ఫోల్డర్ నిండా వాళ్లమ్మ తిరగలి పాటలు. ఇల్లు మొగుడి పేరున, రేషన్ కార్డు అత్త పేరున. నీలవ్వ మహాతల్లి పేరున ఉన్నది ఆ ఫోల్డరొక్కటే. మధ్యాహ్నం మేమంతా జొన్నరొట్టెలు తిని కబుర్లాడుతుంటే, ఆమె మాత్రం ఫోన్లో రికార్డు చేసిన అమ్మ పాట వింటూ టైపు చేసేది. రికార్డింగులు కూడా అందులోకే ఎక్కించి, చోటు చాలక ఫోన్లోంచి తీసేసేది.

"పుస్తకం వేస్తావా ఏంటే?" అని ఏడిపించేదాన్ని.

"మా అమ్మ కళ్లముందే వేస్తా, చూస్తుండు!"

ఆయుధపూజ ముందురోజు మా ప్రెస్సు సావుకారు మల్లేశప్పకి శుభ్రం పిచ్చి పట్టుకుంటుంది. మిషన్లు కడిగించాడు, ఫ్యాన్లు తుడిపించాడు. కంప్యూటర్లు బాగుచేసే ఈరణ్ణని పిలిచి, "లోపల కూడా కడిగెయ్యప్పా. పూజకి కొత్తదానిలా ఉండాలి" అన్నాడట. గిరాకీల పెళ్లిపత్రికలన్నీ డి డ్రైవ్‌లో ఉంటాయి, దాన్ని ఎవరూ ముట్టుకోరు. మా పేర్ల ఫోల్డర్లు ఉండేది సి డ్రైవ్‌లో. అది మాకు తెలీదు, ఈరణ్ణకి తెలుసు. ఒక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయింది? అడుగుదామన్నా మేం అక్కడ లేం. బంతిపూలకని నన్నూ నీలవ్వనీ మార్కెట్‌కి తోలారు కదా!

మర్నాడు నీలవ్వే కంప్యూటర్‌కి కుంకుమ పెట్టి, దండ వేసి, హారతిచ్చి తెరిచింది. మా పేర్లు ఒక్కటీ లేవు.

"అయ్యో, నా పాటలు!"

ఈరణ్ణ తల గోక్కున్నాడు. "డి లో పెట్టుకోవాలి కదక్కా. సి లో అన్నీ చెరిపేసి దాని మీద కొత్త సాఫ్ట్‌వేర్ వేసేశాను, ఇక రావు."

"గిరాకీల పని భద్రంగా ఉందిగా?" అన్నాడు సావుకారు. "నీదేముంది తల్లీ అందులో, పోవడానికి? పండగపూట ఏడవకు. గుమ్మడికాయ కొట్టాలి, పక్కకి జరుగు."

వాడి నోట్లో మన్ను పడ!

సాయంత్రం నీలవ్వ వెంట నేనూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. ఈమధ్య ఆ ముసలామెకి మనుషులే సరిగా గుర్తుండటం లేదు. నీలవ్వ ఫోన్ ముందు పెట్టి, "అమ్మా, ఆ తిరగలి పాట ఇంకొక్కసారి పాడవే" అని బతిమాలింది. ముసలామె పాట ఎత్తుకుంది. ఆగింది. మళ్లీ ఎత్తుకుని మళ్లీ అక్కడే ఆగింది.

"అన్నీ నీకిచ్చేశాను కదే" అంది విసుగ్గా. "నీ పేరు మీద దాచానన్నావు. పోయి అందులో చూసుకో."