గోడకెక్కని ప్రోగ్రాము

మా అక్క కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కు ఇన్‌చార్జి. నేను అదే కాలేజీలో లైబ్రేరియన్‌ని. చిన్నప్పుడు ఒకే గదిలో పెరిగాం, పెద్దయ్యాక ఒకే వరండాకు అటొకరం ఇటొకరం కూర్చున్నాం. ఆవిడ మంచి గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. చెడు కూడా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి రెండూ కలిపి చెబుతాను.

ఏటా ఒక శనివారం అక్క ప్రోగ్రాముల పోటీ పెట్టేది. చుట్టుపక్కల కాలేజీల పిల్లలంతా వచ్చేవాళ్లు. ల్యాబ్‌లో ఉన్నవి పదకొండు పాత కంప్యూటర్లు. ఏదో ఒకటి రిపేరులో ఉండేది గనక వాటికి మూతలు బిగించిన రోజే లేదు. వాడే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరైనా ఊరికే తెచ్చుకుని, విప్పి చూసి, తమకు కావలసినట్టు మార్చుకోగలిగినదే అయి ఉండాలి. ఆ విషయంలో అక్కది ఉడుంపట్టు.

అసలు ముచ్చట పోటీ అయ్యాక ఉండేది. గెలిచిన ప్రోగ్రామును ప్రింటు తీసి వరండా గోడకు వరసగా అంటించేవాళ్లం. పక్కనే దారంతో ఒక ఎర్ర పెన్ను వేలాడేది. దారిన పోయేవాళ్లెవరికైనా తప్పు కనిపిస్తే దిద్దవచ్చు, ఇంకా మంచి ఉపాయం తడితే పక్కన రాయవచ్చు. మరుసటి ఏడు పోటీ ఆ దిద్దిన కాగితాల నుంచే మొదలయ్యేది. కంప్యూటర్ అంటే ఆమడ దూరం పారిపోయే కెమిస్ట్రీ మాస్టారు ఒకసారి ఒక కూడికలో తప్పు పట్టుకుని, నెల్లాళ్లు మీసం మెలేస్తూ తిరిగారు.

గమ్ము డబ్బాతో స్టూలెక్కిన అక్క, కింద నుంచి "వంకర, వంకర" అని అరిచే నేను, చేతుల్లో వెచ్చగా ఉండే ఆ ప్రింటు కాగితాలు... ఒక్క పూటకైనా మళ్లీ అక్కడ నిలబడాలని ఉంటుంది నాకు.

పోటీ మొదలైన పద్దెనిమిదో ఏడు కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. పోటీ దగ్గరపడేసరికి నాలుగే మిగిలాయి. అప్పుడు ప్రిన్సిపాల్ ఒక కంపెనీ మనిషిని వెంటబెట్టుకొచ్చారు. ముప్పై కొత్త కంప్యూటర్లు ఇస్తారట. పోటీలో వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒక్కటే వాడాలట. పిల్లలు రాసిందంతా వాళ్ల దగ్గరే దాస్తారట, అది వాళ్ల సొత్తేనట, గోడ మీద పెట్టకూడదట.

"ఊరికే వస్తే ఫినాయిల్ కూడా తాగుతావా?" అన్నాను అక్కతో.

"నీకేమే, పుస్తకాలకి కరెంటు కూడా అక్కర్లేదు. నాలుగు కంప్యూటర్ల ముందు అరవై మందిని ఎలా కూర్చోబెట్టను?"

ఒప్పందం మీద సంతకం పెట్టింది. నేను వారం రోజులు మాట్లాడలేదు.

పోటీ పెళ్లిలా జరిగింది. మా కాలేజీలోనే చదివే ఒక దర్జీ కూతురు గెలిచింది. కొలతలు చెబితే చాలు, ఏ ముక్కను గుడ్డ మీద ఎటు తిప్పి కత్తిరిస్తే తక్కువ వృథా అవుతుందో బొమ్మ గీసి చూపించే ప్రోగ్రాము. వాళ్ల నాన్న మెడలో టేపుతోనే వచ్చి చూసి, "చొక్కాకి జానెడు మిగిలేలా ఉందే!" అని మురిసిపోయాడు. గోడకు ఎందుకు అంటించలేదని ఆ పిల్ల అడిగితే, ఈసారి కుదరదంది అక్క. "పర్లేదు మేడమ్, ల్యాబ్‌లో ఉంటుందిగా" అని రోజూ సాయంత్రం వచ్చి దానికి ఇంకా మెరుగులు దిద్దుకునేది.

ఏడాది తిరిగేసరికి కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌నే ఆపేసింది. ఏ ప్రోగ్రామూ తెరుచుకోలేదు. అక్క ఎనిమిదిసార్లు ఫోన్ చేసింది. ఎప్పుడైనా ఆపొచ్చని ఒప్పందంలో ఉందిగా మేడమ్, అన్నారు వాళ్లు.

"చీమల్లాంటి అక్షరాలు, ఎవరు చదువుతారండీ? ఆ పిల్ల అడిగితే చూసుకోలేదని చెప్పేయండి" అని సలహా ఇచ్చారు ప్రిన్సిపాల్. కోపం కోపమే, అక్క అక్కే. నేనూ అదే చెప్పమన్నాను.

దర్జీ కూతురు వచ్చింది. "ఇలా అవుతుందని మీకు తెలీదు కదా మేడమ్?" అని తనే అడిగింది పాపం.

"తెలుసమ్మా. ప్రతి పేజీ రెండుసార్లు చదివాను. మన చేతుల్లో ఉండదని తెలిసే సంతకం పెట్టాను. ముప్పై కంప్యూటర్లకి ఆశపడ్డాను. పోయింది మాత్రం నీది."

"మా నాన్నకేం చెప్పాలి?" అంది ఆ పిల్ల. "నేనొచ్చి చెప్తాను" అంది అక్క.

దర్జీ కొట్లో, బేరాలకొచ్చినవాళ్ల ముందే, నిలబడి చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. దర్జీ స్టూలు మీది బట్టలు తీసి, "కూర్చోండి. మా అమ్మాయికెంత గుర్తుందో అంత చెప్తుంది, మీరు రాయండి" అని, నమూనాలు కత్తిరించే గోధుమరంగు కాగితం పరిచాడు.

తొమ్మిది సాయంత్రాలు రాశారు. మెడ వచ్చింది, జేబు వచ్చింది, వీపు వచ్చింది. చేతుల భాగం మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు.

అక్క కొత్త కంప్యూటర్లు వెనక్కి పంపేసింది. పాతవి విప్పి, పదకొండూ కలిపి ఆరు చేసింది. పోటీ రోజున పిల్లలు వంతులేసుకుని కూర్చున్నారు, విసుక్కుని సగంలో వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ ఏటి ప్రశ్న ఒక్కటే: ఈ చొక్కాకు చేతులు పెట్టండి. పక్క కాలేజీ కుర్రాడొకడు పెట్టాడు, భలేగా పెట్టాడు.

వరండా గోడకు అంటించిన ఆ కాగితాన్ని దర్జీ కూతురు మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. అక్క పక్కనే నిలబడి ఆ పిల్ల మొహంకేసి చూస్తోంది.

"బాగుంది మేడమ్. నేను రాసినదానికన్నా బాగుంది" అంది ఆ పిల్ల. "కానీ నాది ఇది కాదు."

"తెలుసమ్మా" అంది అక్క.