నా ముఖంతో అమ్మిన చూర్ణం

మా ఎదురింట్లో బట్టలు కుట్టుకుని బతికే ఆమె కళ్లు తిరిగి పడిపోయిందని తెలిసి నంద్యాల ఆసుపత్రికి వెళ్లాను. రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగిందట. మాత్రలు ఎందుకు మానేశావని డాక్టరు కోప్పడుతుంటే ఆమె నావైపు చేయి చూపించింది.

“ఈ టీచరమ్మే చెప్పింది సార్, ఫోన్లో.”

నేను ఆమెకెప్పుడూ అలాంటి మాట చెప్పలేదు. ఆమె దిండు కింది నుంచి ఫోను తీసి వీడియో పెట్టింది. అందులో ఉన్నది నేనే. రిటైరైన రోజు సభలో కట్టుకున్న ఆకుపచ్చ చీర, నా కళ్లద్దాలు, నా గొంతు. ఇన్నేళ్లు పిల్లలకు సైన్సు చెప్పానని, ఆళ్లగడ్డలో దొరికే ఫలానా చూర్ణం తాగి షుగర్ మాత్రలు అవతల పారేశానని నవ్వుతూ చెబుతున్నాను. నాకసలు షుగరే లేదు.

“అది నేను కాదు సార్,” అన్నాను. డాక్టరు ఫోన్లోని ముఖాన్నీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. దొంగతనం చేసి దొరికిపోయినట్టు తల దించుకున్నాను.

మరునాడు మా ఆయనతో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. చూర్ణం అంగడాయన నన్ను చూడగానే గుర్తుపట్టి కుర్చీ వేశాడు.

“రాండి మేడమ్. మీ వీడియో పెట్టినాక బేరం బాగుండాది.”

“ఆ మాటలు నేను యాడ చెప్పినానప్పా?”

“మీరు చెప్పలేదు లేండి, కంప్యూటర్ చేసిచ్చింది. మీ సభ వీడియో అందరి ఫోన్లలో ఉండేదే గదా. మిమ్మల్నేమన్నా చెడ్డగా చూపిచ్చినామా?”

మా ఆయన కేకలు వేశాడు. అంగట్లో ఉన్నవాళ్లంతా నన్నే చూస్తుంటే చేయి పట్టుకుని ఆయన్ను బయటికి తీసుకొచ్చేశాను.

మా వీధిలో ఉండే లాయరమ్మ విషయమంతా విని అంగడాయనకు నోటీసు పంపింది. “మీ ముఖం, మీ గొంతు మీవి మేడమ్. మీరు ఒప్పుకోకుండా ప్రకటనలో వాడుకునే హక్కు ఆయనకు లేదు. కంప్యూటర్ చేసిందంటే కుదరదు, చేయించింది ఆయనే. షుగర్ నయమైతాదని ప్రకటన ఇయ్యడం ఇంకో నేరం. తప్పు ఆయన చేస్తే మీరెందుకు చిన్నబోతాండారు?”



నోటీసు అందాక ఆయన వీడియో తీసేశాడు, అది నిజం కాదని ఇంకో వీడియో కూడా పెట్టాడు. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మొదటిది ఇప్పటికీ ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతూనే ఉంది. కూరగాయల మార్కెట్లో తెలిసినామె, “యాడ్‌కు ఎంతిచ్చినారు మేడమ్?” అని అందరిముందూ అడిగింది. కూరలు కొనకుండానే వెనక్కి వచ్చేశాను. చర్చిలో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునేదాన్ని, ఇప్పుడు తలుపు పక్కన కూర్చుంటున్నాను.

ఎదురింటామె ఇంటికి తిరిగొచ్చాక చూడబోయాను. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు తెచ్చి నా ముందు పెట్టింది.

“ఇవన్నా నిజమేనా టీచరమ్మా? మింగొచ్చునా?”

మింగమని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ డాక్టరుతోనే ఆమెకు చెప్పించాను.