పెదనాన్న మొలతాడులో టెలిఫోను తాళం

ఆ రోజుల్లో ఇంట్లో టెలిఫోను ఉండటం ఒక గొప్ప, దానికి తాళం ఉండటం ఇంకా గొప్ప. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే మా పెదనాన్న, డయలు కన్నంలో బుల్లి తాళం బిగించి, తాళంచెవిని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. (ఎవరైనా ఫోను చేసుకుంటామని వస్తే, ఆయన గోడవైపు తిరిగి పంచె సర్దుకోవాల్సి వచ్చేది. అది చూడలేక సగంమంది పని మానుకుని వెళ్లిపోయేవారు.) బయటినుంచి వచ్చే ఫోన్లకు మాత్రం ఏ అడ్డూ లేదు. వినడానికి లేని తాళం మాట్లాడటానికి ఎందుకో, డిగ్రీ పరీక్షలు రాసి సెలవులకు అక్కడ చేరిన నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

ఆ వేసవిలో మా అక్క, అంటే పెదనాన్న కూతురు, రాజమండ్రిలో అత్తారింట్లో కడుపుతో ఉంది. మన తోట రసాలు తినాలనుందని కబురు పెట్టింది. పెద్దమ్మ తొలికోత కాయలు గడ్డి పరిచి గంపకెత్తించి, హనుమాన్ జంక్షన్లో బస్సు కండక్టరుకి అప్పగింపించింది. రోజులు గడిచినా అందాయో లేదో తెలియలేదు. ఫోను చేయమంటే పెదనాన్న, సీజన్లో లైను ఖాళీగా ఉండాలని చెప్పి, చెవితో సహా చాట్రాయి తోటకి వెళ్లిపోయాడు.

"రోజూ తుడిచేది నేను, మాట్లాడేది ఊళ్లోవాళ్లు" అంది పెద్దమ్మ, ఫోను మీద దుమ్ము దులుపుతూ. నాకు ప్రాణం ఉసూరుమంది.

డయలు వెనక్కి తిరిగేటప్పుడు రిసీవర్లో టిక్కుటిక్కుమనడం నేనెప్పుడో గమనించాను. రిసీవరు పెట్టేచోట ఉన్న మీట నొక్కినా అదే టిక్కు. అంకె ఎంతో అన్నిసార్లు మీట నొక్కితేనో? మొదట రైసుమిల్లు తగిలింది. మళ్లీ రైసుమిల్లే. (ఆ గుమాస్తా, బియ్యం ఇంకా ఆడలేదండీ అని పాపం ఎంతో మర్యాదగా చెప్పాడు.) చేతికి లయ దొరికాక ఎక్స్‌ఛేంజి పలికింది. అక్క అత్తగారింటికి ట్రంకు కాల్ బుక్ చేశాను. లైను దొరికాక మేమే చేస్తామండీ అంది అక్కడి ఆపరేటరు. ఆ మాటలోని ప్రమాదం నాకు తట్టలేదు.

లైను దొరికేసరికి పెదనాన్న అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. లేచి ఎడంచేత్తో రిసీవరెత్తాడు. "మీరు బుక్ చేసిన రాజమండ్రి కాల్ అండీ, మాట్లాడండి" అని నాదాకా వినబడింది. ఆయన అన్నం చెయ్యి మొలతాడు మీదికి పోయింది. చెవి అక్కడే ఉంది. డయలు చూశాడు. తాళమూ అక్కడే ఉంది. అప్పుడు నన్ను చూశాడు. నేను పప్పుగిన్నెలోకి చూశాను. ఇంతలో అవతల అక్క, అమ్మా అంది. పెదనాన్న రిసీవరు పెద్దమ్మకిచ్చాడు. కూడబెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, "కాయలందాయా అమ్మాయ్?" అని మాత్రం అడిగి, పెద్దమ్మ కళ్లొత్తుకుంటూ వింటూ నిలబడింది.

తిట్లు తప్పవనుకున్నాను. సాయంత్రం పెదనాన్న నన్ను పిలిచి, "ఎట్టా చేశావో నాక్కూడా చూపించు" అన్నాడు. చూపించాను. ఆయనా ప్రయత్నించి రైసుమిల్లుకే చేరాడు. తాళం మాత్రం తీసెయ్యలేదు, చెవిని మొలతాడు నుంచి విప్పి పెద్దమ్మ తాళాలగుత్తికి చేర్చాడు. ఆ తర్వాత ఫోను కావాలంటే ఆయనే వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. ఎవరికండీ, ఏం పనండీ అని ఆరా తీసి మరీ ఇచ్చేది పెద్దమ్మ.

ఇప్పుడు నా ఫోనుకి నా వేలిముద్రే తాళంచెవి. మొన్న ఆవకాయ ముక్కలు కొట్టి, జీడి అంటిన వేలు ఆనిస్తే అది నన్ను గుర్తుపట్టలేదు. నా ఫోనే నన్ను నువ్వెవరంటుంటే, మీట ఎక్కడైనా ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూశాను. లేదు. అయినా ఎవరూ చూడకుండా అద్దం మీద ఓసారి టిక్కుటిక్కున కొట్టాను, రైసుమిల్లైనా పలుకుతుందేమోనని.